లక్ష రూపాయల్లో చారిత్రక డాక్యుమెంటరీ తీయవచ్చా? తీయవచ్చు, అద్దె దుస్తుల జోలికి పోకపోతే

"నా దగ్గర లక్ష రూపాయలు, ఒక మామూలు కెమెరా ఉన్నాయి. చరిత్రలోని ఒక మనిషి మీద డాక్యుమెంటరీ తీయడం సాధ్యమేనా?" అని ఒకరు అడిగారు. నేను డెబ్బై ఒక్క వేలతో తీశాను, ఇరవై రెండు నిమిషాలది. అందులో పదకొండు వేలు శుద్ధ దండగ. అంటే అరవై వేలు చాలు. మిగిలిన నలభైతో మంచి మైకు కొనుక్కోండి.

నాది సినిమా వృత్తి కాదు. చైనాలో షావోషింగ్ నగరంలో కెచియావో అనే చోట పెద్ద బట్టల టోకు బజారు ఉంది. మన దేశం నుంచి వెళ్ళిన వ్యాపారులు, గుమాస్తాలు అక్కడ చాలామంది ఉంటారు. నేనూ ఒక ఎగుమతి కంపెనీ తరఫున నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను. తానులు విప్పి మరకలు, తెగిన పోగులు లెక్కపెట్టడం నా పని. ఆదివారం ఒక్కటే సెలవు. బస్సెక్కి పాత ఊళ్ళోకి వెళ్తే, ఒక కూడలిలో రాతి స్తంభం కనిపించేది. ఎవరిదని అడిగితే మా ఆఫీసు కుర్రాడు టీ తాగుతూ, "చియు జిన్‌ది. ఇక్కడే ఆమె తల నరికారు" అన్నాడు, బస్టాపు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

ఆ మాటతో మొదలైంది. ఆమె పుట్టిల్లు ఆ ఊళ్ళోనే ఉంది, ఇప్పుడు మ్యూజియం. పడకగది వెనక గోడలో కాగితాలు, ఆయుధాలు దాచుకున్న రహస్య గది కూడా చూపిస్తారు. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక 1904లో నగలు అమ్ముకుని చదువు కోసం జపాను వెళ్ళింది. చిన్నప్పుడు కట్టిన పాదాల కట్లు విప్పేసింది. మగవాళ్ళ సూటు, టోపీ, చేతికర్రతో ఒక ఫోటో దిగింది. కిమోనో కట్టి, చేత బాకు పట్టుకుని ఇంకొకటి దిగింది. తిరిగి వచ్చి 1907 జనవరిలో షాంఘైలో స్త్రీల పత్రిక పెడితే రెండు సంచికలకే ఆగిపోయింది. తరువాత షావోషింగ్‌లో దాతోంగ్ పాఠశాల నడిపింది. పేరుకు బడి, లోపల అప్పట్లో చైనాను ఏలుతున్న మంచూ ప్రభుత్వం మీద తిరుగుబాటుకు కవాతు. ఆ ఏడాది జులై 6న ఆమె సహచరుడు శూ షీలిన్ ఆన్‌చింగ్ నగరంలో ఆన్‌హుయి రాష్ట్ర గవర్నరును కాల్చి చంపి పట్టుబడ్డాడు. ఆ తీగ లాగితే ఈమె డొంక కదిలింది. పారిపోవడానికి వ్యవధి ఉన్నా కదలలేదు. జులై 13న పట్టుకున్నారు. 15న తెల్లవారకముందే ఆ కూడలిలో శిరచ్ఛేదం. 

మనవాళ్ళకు ఇది చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న, "మనకు వీరవనితలు లేరా, చైనా ఆవిడే దొరికిందా?" అని. ఉన్నారు. చాకలి ఐలమ్మ మీద మీరు తీయండి, నేను చూస్తాను. నేనుండేది షావోషింగ్‌లో, నాకున్నది ఆదివారం. పక్క వీధిలో ఉన్న చరిత్రను తీశాను. ఇంకొక మిత్రుడు పేరు దగ్గర పట్టుబట్టాడు: "చైనా ఝాన్సీ రాణి" అని పెట్టకపోతే ఎవరూ చూడరట. పాశ్చాత్యులు ఆమెను చైనా జోన్ ఆఫ్ ఆర్క్ అంటారు, మనం ఝాన్సీ రాణి అంటాం. ఆమెకు ఆమె పేరు సరిపోదని అందరూ ఎందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు.

ఇక పదకొండు వేల కథ. విచారణలో నేరం ఒప్పుకుంటూ వాంగ్మూలం రాయమని కలం ఇస్తే ఆమె ఒకే ఒక్క కవితా పాదం రాసిందని చెబుతారు: "చియు ఫెంగ్ చియు యూ చౌ షా రెన్." శరత్కాలపు గాలి, శరత్కాలపు వాన, దిగులుతో మనిషి ప్రాణం తీస్తాయి అని అర్థం. అంతకు ముందే వేరొక కవి రాసిన పాదమట. అయినా ఇప్పుడు అది ఆమెదే. ఆ పాదం నా బుర్రలో దూరి కూర్చుంది. రాలుతున్న ఆకులు, గాలి, వాన, వానలో నడిచి వెళ్తున్న చియు జిన్. ఇంకేముంది, సినిమా అయిపోయిందనుకున్నాను. పాతకాలపు దుస్తులు, సైనికుల టోపీలు, వెనక జడ కుట్టిన సగం గుండు విగ్గులు అద్దెకు తెచ్చాను. ఆ విగ్గుల రబ్బరు అంచు నుదుటి మీద ఎలా కనిపిస్తుందంటే, కుర్రాళ్ళు స్నానానికి వెళ్తున్నట్టు ఉన్నారు.

చియు జిన్ వేషానికి దొరికినది యాభై ఎనిమిదేళ్ళ ఆవిడ. చియు జిన్ చనిపోయినప్పుడు వయసు ముప్పై ఒకటి. ఏం చేయను? రోజూ పొద్దున్న పార్కులో కత్తి తిప్పే వాళ్ళలో డబ్బు అడగకుండా వస్తానన్నది ఆమె ఒక్కతే. నేత మిల్లులో పని చేసి రిటైరైన మనిషి. అందరం "ఆయీ" అనేవాళ్ళం, మన పిన్ని లాంటి పిలుపు. ముఖం కనపడకుండా వెనక నుంచి తీద్దామని నా పథకం.

2018 జులై 14, శనివారం సాయంత్రం. ఒక రంగుల అద్దకం షెడ్డు వెనక ఖాళీ స్థలం. ఉక్కపోతకు కెమెరా అద్దం మీద కూడా చెమట పట్టింది. ఆయీకి దూది కుట్టిన కోటు తొడిగించాం. ఒకడు నిచ్చెన ఎక్కి రబ్బరు గొట్టంతో వాన కురిపిస్తున్నాడు. అద్దకం షెడ్డు నీళ్ళు కదా, వాన లేత నీలంగా వస్తోంది. మూడో టేకులో ఆయీ ఆగిపోయి, ముఖం తుడుచుకుని, ఏదో అడిగింది. మా ఆఫీసు కుర్రాడు అనువదించడానికి తటపటాయించాడు.

"ఈ వాన ఎందుకు అని అడుగుతోంది."

నాకు వచ్చిన చైనీసు అంతా బజారు చైనీసు: అంకెలు, రంగులు, "ఇంకొంచెం తగ్గించండి". అయినా ఆ పాదం మాత్రం కంఠతా వచ్చు. గర్వంగా అప్పజెప్పాను. ఆయీ నవ్వలేదు, అది నయం. "ఆమె పోయింది మా పంచాంగం ప్రకారం ఆరో నెల ఆరో రోజున. నడి వేసవి. ఇదిగో, ఇలాంటి ఎండల్లోనే" అంది. తడిసిన కోటు పిండుకుంటూ ఇంకో మాట కూడా అంది: "చియు అంటే శరత్తు. అది ఆమె ఇంటిపేరు. ఆ గాలీ వానా బయటివి కావు."

జులై 15 అని నా నోట్సులో నేనే రాసుకున్నాను, పెద్ద అక్షరాలతో. మర్నాడే ఆ తేదీ. అయినా నిచ్చెన మీద మనిషిని ఎక్కించి శరత్కాలం కురిపిస్తున్నాను! ఇంటిపేరుకు అర్థం ఉంటుందని అడగాలని కూడా తోచలేదు. దుస్తులు, విగ్గులు, వాన అన్నీ ఆ రాత్రే మూట కట్టేశాను.

అందరినీ పంపేద్దామనుకుంటే ఆయీయే, "పొద్దున్న నాలుగింటికి కూడలికి రండి, ఆ వేళకే కదా జరిగింది" అంది. అసలు తిథి ప్రకారమైతే బుధవారం చేయాలని కూడా అంది. ఆరో నెల ఆరో రోజు ఆ ఏడు జులై 18న పడింది. ఆబ్దికానికి తేదీ చెబితే మా నాయనమ్మ కూడా ఇలాగే కొట్టిపారేసేది. కానీ బుధవారం నాకు సెలవు ఎవరిస్తారు? ఆదివారమే ఖాయం చేశాం. నిచ్చెన ఎక్కిన వాడు మాత్రం రాలేదు. ఆ రాత్రి ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్, ముందే నిద్రపోవాలట.

నాలుగింటికి కూడలి దాదాపు ఖాళీ. వీధి దీపాలు, కీచురాళ్ళు, ఒక ఊడ్చే ఆవిడ, ఎక్కడో కూతపెడుతున్న ఎలక్ట్రిక్ స్కూటరు. ఆయీ సొంత బట్టల్లోనే వచ్చింది, పూల చొక్కా, నల్ల ప్యాంటు, చంకలో గుడ్డ సంచీలో కత్తి. కెమెరా స్టాండు మీద పెట్టి ముట్టుకోలేదు. ఆమె రోడ్డుకు ఆ పక్క నుంచి స్తంభం వైపు నడిచింది. ఆ నడక ఆమెది కాదు. మడమల మీద బరువు మోపుతూ, వేళ్ళు నేలకు ఆనీ ఆనకుండా, ఒక్కొక్క అడుగు వెతుక్కుంటున్నట్టు. నేనేమీ చెప్పలేదు. తరువాత అడిగితే, "మా నాయనమ్మ ఇలా నడిచేది. పాదాలు కట్టి, మళ్ళీ విప్పితే ఇలాగే అవుతుంది. చియు జిన్ కూడా ఇక్కడికి ఇలాగే నడిచి ఉంటుంది" అంది. ఆ కూడలిలో ఆమె స్తంభం దాకా రావడానికి ఒక నిమిషం యాభై సెకన్లు పట్టింది. సినిమాలో ఒక్క కోత కూడా పెట్టకుండా ఉంచాను. ఊడ్చే ఆవిడ కూడా అందులో ఉంది, చీపురు ఆపి చూస్తూ. ఆ తరువాత ఒక పోలీసు వచ్చి కత్తి గురించి అడిగితే ఆయీ తాయ్‌చీ వ్యాయామం అని చెప్పి అతని ముందే రెండు తిప్పులు తిప్పింది. అది కూడా రికార్డు అయింది, కెమెరా ఆపడం మరిచిపోయాను.

చరిత్ర డాక్యుమెంటరీలను చంపేస్తున్నవి వేషాలే అని నా గట్టి నమ్మకం. వేషాల తరువాత స్థానం నేపథ్య సంగీతానిది. ప్రతి వాక్యం కింద ఢోలు మోగితే ఏ వాక్యం ముఖ్యమో ఎలా తెలుస్తుంది? ఆ పైన డ్రోను. 1907లో ఆ ఊరిని పైనుంచి చూసింది పక్షులే.

మీకు పనికొచ్చే మాటలు కొన్ని. ఫోటోలను కంప్యూటరులో జూమ్ చేయకండి. జిరాక్సు దుకాణంలో పెద్ద సైజులో ప్రింటు తీయించి, కిటికీ పక్కన బల్ల మీద పరిచి కెమెరాతో తీయండి. కాగితం కాగితంలా కనిపిస్తుంది. బాకు పట్టుకున్న ఆ చేతిని నేను అలా నలభై సెకన్లు చూపించాను. పక్క పాత్రలను వదలకండి, వాళ్ళు ఖర్చు లేకుండా కథ మోస్తారు. విచారణ జరిపిన మేజిస్ట్రేటు లీ జోంగ్‌యూయే ఆమె మీద జాలితో, పై అధికారి ఆజ్ఞ తప్పించలేక, కొన్ని నెలలకే ఉరి వేసుకున్నాడు. స్నేహితురాళ్ళు వూ జీయింగ్, శూ జీహువా ప్రమాదమని తెలిసీ ఆమెను హాంగ్‌జౌలోని పశ్చిమ సరస్సు ఒడ్డున సమాధి చేస్తే, ప్రభుత్వం దాన్ని తీయించేసింది. ఆ ఎముకలు ఎన్నో చోట్లు తిరిగి 1981లో మళ్ళీ ఆ సరస్సు దగ్గరికే చేరాయి. ఆ సరస్సు ఒడ్డున తీయడానికి నాకు అయింది రైలు టికెట్టు ఖర్చే.

సినిమా పూర్తయ్యాక ఆయీకి ఫోనులో పంపాను. నడక గురించి ఏమీ అనలేదు. పద్నాలుగో నిమిషంలో, పోలీసు ముందు కత్తి తిప్పిన చోట, మణికట్టు వంచింది తప్పట. ఆ ఒక్క ముక్క మళ్ళీ తీయాలని వాయిస్ మెసేజ్ పెట్టింది. నేను ఇంటికి వచ్చేశాక కూడా అదే అడిగేది. మేం మెసేజ్‌లు పెట్టుకునే చైనా యాప్ వీచాట్‌ను 2020 జూన్ చివర్లో ఇక్కడ, మన దేశంలో, నిషేధించారు. ఆమె చివరి మెసేజ్‌కు ఇంకా జవాబు ఇవ్వలేదు.