కార్డు పోలేదు, డ్రైవర్ లోడ్ కాలేదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ, డిగ్రీ రెండో సంవత్సరం. నాది పాత ఐ5 డెస్క్‌టాప్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. దీనికి విండోస్ 11 రాదన్నారు. విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో అప్‌డేట్లు ఆగిపోయాయి కదా అని లినక్స్ మింట్ వేసుకున్నాను. గేమ్ ఆగి ఆగి వచ్చేది. డ్రైవర్ మేనేజర్‌లో ఎన్విడియా డ్రైవర్ (కార్డును నడిపించే కంపెనీ సాఫ్ట్‌వేర్) వేశాక ఇంకా అధ్వాన్నమైంది. 'వీడియో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ లేదు' అని మెసేజ్ వస్తోంది, ఫోల్డర్ జరిపినా జీడిపాకంలా సాగుతోంది. కార్డు పోయింది, కొత్తది కొనమన్నారు షాపులో. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. అడగాలంటే టెన్షన్‌గా ఉంది అన్నా.

జవాబు: నాన్నను ఇప్పుడే ఏమీ అడగకు తమ్ముడూ. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పదిహేనేళ్లుగా సిస్టమ్‌లు రిపేర్ చేస్తున్నాను. నువ్వు చెప్పిన లక్షణాలు కార్డు పోయినట్టు లేవు.

డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేసినప్పుడు 'పర్ఫార్మ్ ఎంవోకే మేనేజ్‌మెంట్' అని నీలం తెర వచ్చిందా? అది పది సెకన్లే ఆగుతుంది. ఏమీ నొక్కకపోతే మామూలుగా ఆన్ అయిపోతుంది, చాలామంది దాన్ని గమనించరు కూడా. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ అనే భద్రతా తాళం ఆన్‌లో ఉంటే, అది గుర్తించిన సంతకం లేని డ్రైవర్‌ని లోడ్ కానివ్వదు. ఆ తెర మీద 'ఎన్‌రోల్ ఎంవోకే' (ఎంవోకే అంటే సిస్టమ్ యజమాని ఒప్పుకున్న సంతకం తాళంచెవి) ఎంచుకుని, డ్రైవర్ వేసేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డ్ కొడితేనే ఆ సంతకం చెల్లుతుంది. అది తప్పిపోతే డ్రైవర్ డిస్కులో ఉంటుంది గానీ పని చేయదు. లినక్స్‌తో పాటే వచ్చే నూవో డ్రైవర్‌ని ఈ కొత్త డ్రైవర్ అప్పటికే పక్కకు తప్పించేసి ఉంటుంది. ఇక బొమ్మలు గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఆ సాగుడు అందుకే.

సిస్టమ్ ఆన్ చేస్తూ డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లు. సెక్యూర్ బూట్ డిసేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చెయ్యి. నీ దాంట్లో లినక్స్ ఒక్కటే ఉంది కాబట్టి ఇదే సులువు. తర్వాత టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) 'ఎన్విడియా-ఎస్ఎంఐ' (nvidia-smi) కమాండ్ కొట్టు. కార్డు పేరు, డ్రైవర్ నంబర్ ఉన్న పట్టిక వస్తే పని అయిపోయినట్టే. నీ కార్డుకు 580 సిరీసే చివరిది, 590 వేయకు.

మొదట్లో గేమ్ ఆగి ఆగి రావడం కూడా కార్డు తప్పు కాదు. ఈ తరం కార్డుల్లో నూవో క్లాక్ స్పీడు పెంచలేదు, అందుకే కార్డు అతి తక్కువ స్పీడులోనే నడుస్తుంది.

సీపీయూ వెనక కూడా ఒకసారి చూడు. మొన్న దేవరకొండ నుంచి ఒక అబ్బాయి ఇదే బాధతో సిస్టమ్ మోసుకొచ్చాడు. దుమ్ము దులిపినప్పుడు మానిటర్ కేబుల్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు పెట్టాడు, అంతే. బస్సు ఛార్జీలు దండగ అయ్యాయని నాకే బాధేసింది.

గేమ్‌లు దించుకునే స్టీమ్ యాప్‌లో, విండోస్ గేమ్‌లను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ ఆన్ చేసుకుంటే వాటిలో చాలావరకు నడుస్తాయి. మొదటిసారి 'వల్కన్ షేడర్లు' (బొమ్మలు గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రామ్‌లు) తయారవుతున్నాయని చూపిస్తే స్కిప్ కొట్టకు, పూర్తవనివ్వు. వాలరెంట్ గేమ్ మాత్రం లినక్స్‌లో రాదు, ఆటలో మోసాలు పట్టే దాని యాంటీ చీట్ ఒప్పుకోదు. దానికోసం రాత్రంతా కూర్చోకు.

ఇంత చేసినా ఆ పట్టిక రాకపోతే, టెర్మినల్‌లో వచ్చిన మెసేజ్ ఫొటో తీసి ఈ శీర్షికకే పంపు. అది చూసేదాకా కార్డు ఎవరికీ అమ్మకు.