భద్రపరచాలా, బిగించాలా?

సందేహం: మా నాన్నగారి పాత మహీంద్రా ఎంఎం 540 జీపును మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. కమాన్ల (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) పని గురించి ఇంగ్లిష్ మాన్యువల్‌లో ఉన్నదాన్ని మా మెకానిక్ కోసం తెలుగులో రాసిచ్చాను. 'ఆకు స్ప్రింగు మౌంట్లను యూ బోల్టులతో భద్రపరచండి' అని రాస్తే, ఆయన పాత యూ బోల్టులను కడిగి, గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టారు. నా వాక్యంలో తప్పేమిటి? ఆకు స్ప్రింగును ఆయన కమాను అంటారు. కమాను అంటే ద్వారం కదా, అలా రాయవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీ మెకానిక్ మీరు రాసింది రాసినట్టే చేశారు. భద్రపరచడం అంటే పోకుండా, పాడవకుండా దాచడం. విత్తనాలను గాదెలో భద్రపరుస్తాం, దస్తావేజులను బీరువాలో భద్రపరుస్తాం. వాడకుండా ఒకచోట ఉంచిన వస్తువుకే ఆ మాట అతుకుతుంది. బండి కింద బరువు పట్టుకుని గుంతల్లో కుదుపులు తినే బోల్టుకు అతకదు. ఇంగ్లిష్ 'సెక్యూర్' అనే ఒక్క క్రియలో దాచడమూ ఉంది, కదలకుండా పట్టి ఉంచడమూ ఉంది. తెలుగులో ఆ రెండు పనులకూ ఒకే మాట లేదు. పైగా 'పట్టి ఉంచడం' అన్నా, ఎలా పట్టి ఉంచాలి అన్నదాన్ని బట్టి క్రియ మారిపోతుంది. మీ వాక్యంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ల పని చేసే ఒక షెడ్డుకు వెళ్లి అరపూట కూర్చున్నాను. జాకీల మీద లేపిన జీపు కింద ఒక పెద్దాయన, ఒక కుర్రాడు పనిచేస్తున్నారు. "సీల గుంటలో కూర్చుందా?" అని పెద్దాయన అడిగాడు. కుర్రాడు వేలితో తడిమి చూసి "కూర్చుంది మామా" అన్నాడు. యూ బోల్టులు దూర్చి, కింద పళ్లెం పెట్టి, నట్లు ఎక్కించారు. కుర్రాడు పానా పట్టుకుని ఒకే నట్టును గట్టిగా లాగుతుంటే, "ఒకటే లాగెయ్యకురా, పళ్లెం వాలిపోద్ది. మూలకి మూల తిప్పు" అన్నాడు పెద్దాయన. చివర షాకిల్ (కమాను కొసను బండి చట్రానికి కలిపే ఊగే లంకె) దగ్గరికి వచ్చేసరికి, "దాన్ని ఇప్పుడే పిండొద్దు. బండి కిందికి దిగాక" అన్నాడు. మీ మాన్యువల్ మూడు చోట్లా వాడిన ఒక్క క్రియకు బదులు ఆయన నోట మూడు రకాల మాటలు వచ్చాయి.

ఆ తేడా ఊరికే వచ్చింది కాదు. కమాను పట్టీలన్నిటినీ కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా ఇమడాలి. అప్పుడే ఇరుసు తన చోట ఉంటుంది. ఇక్కడ బలం పని లేదు, పొందిక కావాలి. కాబట్టి 'కూర్చోబెట్టండి'. దాన్ని ఆ పెద్దాయన సీల అన్నాడు చూడండి, అది పాత మాట. ఎద్దుబండి చక్రం ఇరుసు మీంచి ఊడిపోకుండా చివర దిగ్గొట్టేది కడచీల. ఆ చీలనే సీల అనీ అంటారు.

యూ బోల్టుల పని వేరు. కమాను కట్టను ఇరుసుకు అదిమి పట్టేవి అవే. అవి వదులైతే భారమంతా ఆ సన్నటి సీల మీద పడుతుంది. అది తెగితే ఇరుసు పక్కకు జరుగుతుంది, బండి ఒక వైపుకు లాగుతుంది. ఇక్కడ కావలసింది పూర్తి పట్టు. పిడికిలి బిగించడంలో, నడుం బిగించడంలో ఉన్న క్రియే దీనికి సరిపోతుంది.

షాకిల్ దగ్గర మాత్రం 'బిగించండి' అని రాసి వదిలేస్తే మీ జీపుకు నష్టం. బరువు పడి కమాను చదునైనప్పుడు దాని పొడవు కొద్దిగా పెరుగుతుంది. ఆ మేరకు ఊగడానికే షాకిల్ ఉన్నది. మీ జీపుకు రబ్బరు బుష్షులు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టాలు) అని రాశారు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆ బోల్టులు బిగిస్తే, బండి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరిగిపోతుంది. కాబట్టి ముందు 'తగిలించండి', బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాక 'బిగించండి'. ఇక రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుల్లో రబ్బరు బదులు మర కోసిన బుష్షులు ఉండేవి. షాకిల్ ఆ మరలోనే తిరగాలి, గ్రీజు పెడుతూ ఉండాలి. కొన్నిటికి ఎడమ మర (ఎడమకు తిప్పితే ఎక్కేది) కూడా ఉండేది. అక్కడ 'ఎక్కించండి' అనడమే సబబు. బిగిస్తే అది తిరగదు.

మీరు పంపిన తెలుగు రాత రెండో పేజీలో 'బిగించిన నట్ల మీద నూనె పోసి గంట ఆగండి' అని ఉంది. తుప్పు పట్టి కదలని నట్టును ఎవరూ బిగించలేదు, అదే బిగుసుకుపోయింది. 'బిగించిన' అంటే మనిషి చేసిన పని, 'బిగుసుకుపోయిన' అంటే దానంతట అది అయిన స్థితి. ఇది దిద్దుకోండి.

కమాను సంగతికి వస్తే, నిస్సందేహంగా రాయండి. పారసీకంలో కమాన్ అంటే విల్లు. విల్లులా వంగిన ద్వారం కూడా కమానే అయింది. హైదరాబాదులో చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న చార్ కమాన్, కరీంనగర్ కమాన్ అలా పేరు తెచ్చుకున్నవే. మీరు విన్నది ఆ అర్థం. ఫిడేలు వాయించే కర్రనూ కమానే అంటాం, అదీ విల్లే. బండి కింద వంగి ఉండి, బరువుకు చదునై, మళ్లీ వంగే ఉక్కు పట్టీల కట్టకు ఇంతకంటే తగిన పేరు నాకు తోచడం లేదు. 'ఆకు స్ప్రింగు' అనువాదం కోసం పుట్టిన మాట, పనిచేసేవాళ్ల నోట నేను వినలేదు. పూల రేకును, రాగి రేకును ఒకే మాటతో పిలిచే భాష మనది, కాబట్టి లోహపు ముక్కను ఆకుతో పోల్చడం మనకు కొత్తేమీ కాదు. కానీ రేకు పలచనిది. ఈ మందపు ఉక్కు ముక్కను పట్టీ అనే అంటారు. ఒక్కటైతే కమాను పట్టీ, మొత్తం కలిపితే కమాను కట్ట. కమాన్ అని పొల్లుతో రాసినా తప్పు లేదు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: 'సీల తల ఇరుసు మీది గుంటలో కూర్చునేలా కమాను కట్టను అమర్చండి. యూ బోల్టుల నట్లను మూలకు మూల, కొంచెం కొంచెంగా, సమానంగా బిగించండి. షాకిల్ బోల్టులను తగిలించి ఉంచి, బండిని కిందికి దించాక బిగించండి.'

అల్మారాలో ఉన్న పాత యూ బోల్టులను మళ్లీ వేయించకండి. ఒకసారి బిగింపుకు సాగినవి రెండోసారి అంత పట్టు ఇవ్వవు. కొత్తవి వేయించి, కొన్నాళ్లు తిరిగాక నట్లన్నిటినీ ఒకసారి 'బిగి చూడమనండి'. ఆ మాట మీ మెకానిక్‌కు వివరించాల్సిన పని ఉండదు.