అమెరికా నుంచి పల్లె పాస్టర్ల శిక్షణకు సాయం చేయాలంటే

వందనాలు బ్రదర్. డాలస్‌లో మీ తెలుగు సంఘానికి చెందిన కొన్ని కుటుంబాలు కలిసి ఖమ్మం, ఏలూరు వైపు పల్లె పాస్టర్లకు బైబిల్ శిక్షణ ఇప్పించాలనుకుంటున్నారు. ఒక కుర్రాణ్ణి సెమినరీలో (పాస్టర్లను తయారుచేసే కాలేజీలో) చదివించాలా, ఏటా పెద్ద సెమినార్ పెట్టాలా, డబ్బు ఎలా పంపాలి అని అడిగారు. పాస్టర్ల తరగతులు నడిపే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. ఇప్పటికే సంఘాన్ని చూసుకుంటున్న పాస్టరుకి, ఊరు విడవకుండా, తెలుగులో, కనీసం రెండేళ్లు ఆగకుండా చెప్పించండి. మీ డబ్బు ఎక్కువ ఫలించేది అక్కడే.

ముందు డబ్బు సంగతి. ఇందులో పొరపాటు జరిగితే ఇబ్బంది పడేది పంపిన మీరు కాదు, తీసుకున్న పాస్టరు. మీలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, విదేశీ విరాళమే. మీ సంఘం ఖాతాలోంచి వెళ్లేదీ అంతే. ఈ రెండు రకాల డబ్బునూ ఒకే ఖాతాలో కలపకండి. ఇండియన్ పౌరులు ఎవరికి వారు పంపి, పాస్‌పోర్టు నకలు, బ్యాంకు రసీదు తీసుకునేవాళ్ల ఫైల్లో ఉంచాలి.

విదేశీ విరాళం అయితే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే పంపాలి. ఆ చట్టానికి 2020లో జరిగిన సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థ పేరున ఉన్న ఖాతాకే రావాలి. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. కాబట్టి 'మా ట్రస్టుకు పంపండి, మిగతా సంఘాలకు మేం పంచుతాం' అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. ఆ సంస్థే తరగతి నడపాలి, పుస్తకాలు, భోజనం బిల్లులు తనే కట్టాలి. పంపేముందు మూడు కాగితాలు అడగండి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దాని గడువు తేదీ (ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి), నిరుటి ఎఫ్‌సీ-4 రిటర్ను (విదేశీ డబ్బు లెక్కల్ని ఏటా ప్రభుత్వానికి చూపే పత్రం). సర్టిఫికెట్‌లో మతపరమైన కార్యక్రమం అనే విభాగం ఉందో లేదో చూడండి. విద్య, సామాజిక సేవ అని మాత్రమే ఉన్న సంస్థ బైబిల్ శిక్షణకు ఖర్చు పెడితే తర్వాత ఆడిట్‌లో చిక్కుకుంటుంది. పాస్టరు సొంత ఖాతాకు నెలనెలా సంఘం డబ్బు పంపడం పూర్తిగా మానేయండి.

ఇక చదువు. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లకు ఇదే సమస్య ఎదురైంది. పల్లె సంఘాలను నిజంగా నడిపేవాళ్లు భార్యాబిడ్డల్ని, పొలాన్ని వదిలి కాలేజీకి రాలేరు. వచ్చి చదివిన కుర్రాళ్లు తిరిగి పల్లెకు వెళ్లరు. దాంతో వాళ్లు సెమినరీనే పాస్టర్ల దగ్గరికి తీసుకెళ్లారు. మన దేశంలో బెంగళూరులోని టాఫ్టీ (ఇంటి దగ్గరే ఉండి బైబిల్ చదువుకునేలా నేర్పే సంస్థ) 1971 నుంచి ఈ పద్ధతిలోనే పనిచేస్తోంది. ఇంట్లో రోజూ అభ్యాస పుస్తకం చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం, గుంపుగా కూర్చుని చర్చించడం, నేర్చుకున్నది ఆ వారమే సంఘంలో చేసి చూడటం, ఈ మూడూ ఉండాలి. మధ్యలోది ఒక్కటే ఉంచుకుని మిగతా రెండూ వదిలేస్తే అది మామూలు సెమినార్ అయిపోతుంది.

గుంపుకి 12 మంది చాలు. 15 దాటితే వెనక కూర్చున్నవాళ్లు నోరు విప్పరు. సోమవారం పొద్దున 10 నుంచి మంగళవారం మధ్యాహ్నం దాకా, నెలకోసారి పెట్టండి. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం ఇళ్ల దర్శనం, ఆదివారం ఆరాధన ఉంటాయి కాబట్టి వారాంతంలో ఎవరూ రాలేరు. డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లతో సరిపోతుంది, దాన్ని వదిలేయండి. నాట్ల రోజుల్లో ఒక నెల వదిలేయండి. ఏడాదికి 10 తరగతులు మిగులుతాయి.

ఖర్చు ఉజ్జాయింపుగా ఇలా వేసుకోండి. ఒక్కొక్కరికి రెండు రోజుల భోజనం, టీ 500, బస్సు 200, ముద్రించిన పుస్తకం 150, మొత్తం 850. పన్నెండు మందికి 10,200. బోధకుడి ప్రయాణం, గౌరవ వేతనం 5,000, హాలు, కరెంటు 1,000. నెలకు 16,200, ఏడాదికి 1,62,000 రూపాయలు. హాజరుకు డబ్బు మాత్రం ఇవ్వకండి. ఇచ్చారంటే డబ్బు కోసం వచ్చేవాళ్లు చేరతారు, నేర్చుకోవాలని వచ్చినవాళ్లకు చోటుండదు. బస్సు చార్జీ టికెట్ చూసి ఇవ్వండి. పుస్తకానికి పాస్టరు దగ్గర 50 రూపాయలు తీసుకోండి, ఇంట్లో తెరిచి చదువుతారు.

మొదటి ఏడాది మార్కు సువార్త పెట్టండి. 16 అధ్యాయాలే, కథనం సూటిగా సాగుతుంది. మన పాస్టర్లలో ఎక్కువగా కనిపించే లోపం ఒక వచనం చదివి, మూసేసి, ఇంకేదో చెప్పడం. యూట్యూబ్‌లో విన్న ప్రసంగాన్ని అలాగే అప్పజెప్పడం ఇప్పుడు దానికి తోడైంది. ఇది విమర్శతో పోదు, అభ్యాసంతోనే పోతుంది. ప్రతి తరగతిలో ముగ్గురు పదిహేనేసి నిమిషాలు ప్రసంగించాలి. విన్నవాళ్లు మూడు ప్రశ్నలకు రాసివ్వాలి: వాక్యభాగం ఏం చెబుతోంది, ప్రసంగం ఏం చెప్పింది, వినేవాళ్లు ఏం చేయాలి? మొదటి రెండు జవాబులూ కలవకపోతే ఎక్కడ తప్పిందో పాస్టరుకే తెలిసిపోతుంది.

పుస్తకం పదో తరగతి చదివినవాళ్లకు అర్థమయ్యే తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. నలభై దాటిన చాలామంది చదవకపోవడానికి కారణం బద్ధకం కాదు, చత్వారం. మొదటి తరగతిలోనే కళ్లద్దాలు ఇప్పించండి. అంతకంటే చౌకగా అంత ప్రయోజనం ఇచ్చే ఖర్చు లేదు. రిఫరెన్సు బైబిల్, తెలుగు బైబిల్ నిఘంటువు, పటాలు చాలు. అమెరికా నుంచి ఇంగ్లిష్ వ్యాఖ్యాన గ్రంథాలు పంపకండి, బీరువాల్లోనే ఉండిపోతాయి. అక్కడి బోధకుణ్ణి తీసుకొచ్చి అనువాదకుణ్ణి పక్కన పెడితే గంట పాఠంలో అరగంటే మిగులుతుంది, ప్రశ్నలు అడగడానికీ జంకుతారు.

రెండో ఏడాదిలో చట్టం, లెక్కలు తప్పకుండా చేర్చండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించే అధికారం ఎవరికుందో తెలియక లైసెన్సు లేకుండానే జరిపించే స్వతంత్ర పాస్టర్లు ఉన్నారు. తర్వాత పాస్‌పోర్టు, వీసా, భరణం కేసుల్లో ఆ సర్టిఫికెట్ నిలవక అమ్మాయిలు నష్టపోతారు. కానుకల్ని ఇద్దరు లెక్కించడం, రసీదు పుస్తకం, 2001 సొసైటీల చట్టం కింద సంఘాన్ని రిజిస్టరు చేయించడం కూడా నేర్పండి. మందిరం స్థలం పాస్టరు పేరు మీద ఉంటే ఆయన పోయాక వారసులకీ సంఘానికీ గొడవ తప్పదు.

పాస్టరమ్మల్ని మరిచిపోవద్దు. స్త్రీల కూటం, సండే స్కూలు నడిపేది వాళ్లే. దోర్నకల్‌లో, మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య కాలంలో పల్లె బోధకులతో పాటు వాళ్ల భార్యలకూ చదువు చెప్పేవారు. మూడు నెలలకోసారి ఇద్దరినీ పిలవండి, పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి.

సెమినరీ చదువుకు చోటు లేదని కాదు. రేపు ఈ తరగతులు చెప్పేవాళ్లు కావాలి కదా. రెండేళ్లు పూర్తయ్యాక చెప్పగల నేర్పు ఉన్న ఒకరిని ఎంచి హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలాంటి చోట బీడీకి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనే వేదాంత డిగ్రీకి) పంపండి. అది బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ సెనేట్ ఇచ్చే పట్టా. సెరంపూర్‌కు 1827 నాటి రాజశాసనం, 1918 చట్టం ఆధారం. డబ్బు కడితే ఇంటికి వచ్చే గౌరవ డాక్టరేట్లకు మాత్రం మీ కానుక ఒక్క రూపాయి కూడా పోనివ్వకండి.

రిపోర్టు అడిగేటప్పుడు గ్రూప్ ఫోటోలు కాదు, ప్రతి పాస్టరు నింపిన అభ్యాస పుస్తకంలో రెండు పేజీల ఫోటో, ఒక ప్రసంగం ఆడియో అడగండి. మూడు తరగతులు వరుసగా రానివాళ్ల చోటు వేరేవాళ్లకు ఇవ్వమని మొదటి రోజే చెప్పించండి.