నేపథ్య సంగీతం విని ఏం మాట్లాడుకోవాలి? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సినిమా నేపథ్య సంగీతం గురించినవే. పాటల సంగతి కాదు. మాటల వెనుక, మౌనాల వెనుక నడిచే సంగీతం సంగతి. సినిమావారు రీరికార్డింగ్ అని, కుర్రకారు బీజీఎం అని పిలుచుకునే ఆ సంగీతాన్ని ఇప్పుడు విడిగా ఆల్బమ్‌లుగా విడుదల చేస్తున్నారు. విశాఖలో వాటిని శ్రద్ధగా వినేవారు ఇంతమంది ఉన్నారని తెలిసి ఈ శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా మిత్రులం కొందరం ఆదివారం సాయంత్రాలు ఒకరి ఇంట్లో చేరి ఏదో ఒక సినిమా నేపథ్య సంగీతం ఆల్బమ్‌ను మొదటి నుండి చివరి వరకు వింటున్నాము. విన్నాక అభిప్రాయాలు చెప్పుకోవాలని మా కోరిక. అయితే "అదిరింది", "అంత లేదు" అన్న మాటల దగ్గరే సంభాషణ ఆగిపోతోంది. లేదంటే ఆ సినిమా ఆడిందా లేదా అన్నదాని మీదికి, ఫలానా సంగీత దర్శకుడు గొప్పా మరొకరు గొప్పా అన్న వాదన మీదికి వెళ్లిపోతోంది. మేము ఏ పద్ధతి పాటిస్తే బాగుంటుంది? – సీతమ్మధార నుండి ఒక పాఠకుడు

సమాధానం: ఒకే ఒక నియమం పెట్టుకోండి. అభిప్రాయం చెప్పే ప్రతివారూ తాము మాట్లాడుతున్న చోటును చూపించాలి. "మూడో ట్రాక్‌లో రెండు నిమిషాలు దాటాక వయొలిన్లు ఒక్కసారిగా ఆగిపోయి వేణువు ఒక్కటే మిగిలింది, నాకు అక్కడ ఊపిరి బిగిసింది" అని ఒకరు అన్నారనుకోండి. ఆ చోటును అందరూ మళ్లీ వినవచ్చు. ఒప్పుకునేవారు ఒప్పుకుంటారు, "నాకు అక్కడ ఖాళీగా తోచింది" అనేవారు అంటారు. అప్పుడు ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి ఒక వస్తువు ఉంటుంది. "అదిరింది" అన్న మాటలో సంతోషం ఉంది గానీ ఎదుటివారు అందుకోవడానికి ఏమీ లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాము. 1975లో వచ్చిన స్టీవెన్ స్పీల్‌బర్గ్ చిత్రం జాస్‌కు జాన్ విలియమ్స్ ఇచ్చిన సంగీతంలో సొరచేప రాకను తెలిపే స్వరాలు ప్రధానంగా రెండే. పక్కపక్కనే ఉండే ఆ రెండు స్వరాలు మంద్రస్థాయిలో మెల్లగా మొదలై, సొర దగ్గరపడే కొద్దీ వేగం పుంజుకుంటాయి. "భయంకరంగా ఉంది" అని ఎవరైనా చెప్పగలరు. అయితే జాగ్రత్తగా వింటే ఇంకొక సంగతి బయటపడుతుంది. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొర రెక్క పట్టుకొని నీటిలో జనాన్ని బెదరగొట్టే సన్నివేశంలో ఆ స్వరాలు వినిపించవు, ఎందుకంటే అక్కడ సొర లేదు. ప్రేక్షకుడు ఈ సంకేతానికి అలవాటుపడి సంగీతాన్ని నమ్మడం మొదలుపెట్టాక, ఒకచోట ఏ హెచ్చరికా లేకుండా సొర నీటిలో నుండి తల పైకెత్తుతుంది. సంగీతం ఎక్కడ ఉందో చెప్పడం ఎంత ముఖ్యమో ఎక్కడ లేదో చెప్పడమూ అంతే ముఖ్యమని ఈ ఒక్క చిత్రం చూపిస్తుంది. మీ బృందంలో ఎవరైనా ఇటువంటి చోటును ఒక్కటి పట్టుకుంటే ఆ సాయంత్రమంతా దాని చుట్టూ గడిచిపోతుంది.

సినిమా ఆడిందా లేదా అన్న ప్రస్తావనను మాత్రం మొదటి విడత వినికిడిలో పూర్తిగా పక్కన పెట్టండి. మంచి సంగీతం ఉన్న సినిమాలు ఆడకపోవడం, సాదా సంగీతం ఉన్న సినిమాలు బ్రహ్మాండంగా ఆడడం మనమందరం చూసినదే. వీలైతే బృందంలో కొందరు చూడని సినిమా ఆల్బమ్‌ను ఎంచుకోండి. చూడనివారు ముందుగా మాట్లాడాలి. నటుల ముఖాలు, సంభాషణలు, హాలులోని ఈలలు ఏవీ గుర్తుకు రావు కాబట్టి వారు చెప్పేది సంగీతం గురించే అవుతుంది. ఆ తరువాత చూసినవారు సన్నివేశాన్ని వివరిస్తే, ఊహించుకున్నదానికీ తెరమీద ఉన్నదానికీ మధ్య ఉన్న దూరమే మంచి చర్చనీయాంశం.

అభిమానుల తగవుల విషయంలో నా మాట కొంత కఠినంగా ఉండవచ్చు. ఇళయరాజా, కీరవాణి వంటివారిని వరుసలో నిలబెట్టి మార్కులు వేసే చర్చ వల్ల ఎవరి సంగీతమూ ఎవరికీ మరింతగా వినిపించదు. ఒకే రకమైన సన్నివేశాన్ని, ఉదాహరణకు ఒక ఎడబాటును, ఇద్దరూ ఎలా నడిపించారో పక్కపక్కన పెట్టి వినండి. అప్పుడు పోలికకు అర్థం ఉంటుంది.

అభిప్రాయం మార్చుకోవడాన్ని ఎవరూ ఓటమిగా భావించకూడదు. 1960 నాటి సైకో చిత్రంలో స్నానాలగది హత్యకు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగవాయిద్యాలతో ఆ చిత్రానికంతటికీ సంగీతం కూర్చి, ఈ సన్నివేశానికి కూడా వయొలిన్ల కీచు స్వరాలతో ఒక ఖండం రాసి వినిపించాడు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. ఈనాడు సంగీతం లేకుండా ఆ సన్నివేశాన్ని ఎవరూ తలచుకోరు.

ప్రశ్న: నేను మద్దిలపాలెంలో హాస్టల్లో ఉంటూ చదువుకుంటున్న విద్యార్థినిని. నాకు రాగాలు తెలియవు, స్వరాలు రాయడం తెలియదు. నా స్నేహితురాళ్లలో సంగీతం నేర్చుకున్నవారు ఉన్నారు. వారి ముందు ఒక ఆల్బమ్ గురించి నోరు విప్పాలంటే సంకోచంగా ఉంది. శాస్త్రం తెలియనివారి అభిప్రాయానికి విలువ ఉంటుందా?

సమాధానం: తప్పకుండా ఉంటుందమ్మా. నేపథ్య సంగీతాన్ని కూర్చేదే శాస్త్రం తెలియని ప్రేక్షకుల కోసం. రాగం పేరు తెలిసినవారి మీద, తెలియనివారి మీద ఒకేలా పనిచేయకపోతే అది తెరమీద విఫలమైనట్లే. పిఠాపురం కాలనీలోని కళాభారతిలో కచేరీకి వెళితే, ఆలాపన మొదలైన కాసేపటికే రాగం పేరు చెప్పుకునే రసికులు మీ పక్కనే కూర్చుంటారు. ఆ జ్ఞానం గౌరవించదగినది, వీలైతే నేర్చుకోదగినది. అయితే సినిమా సంగీతానికి కావలసిన గమనింపులో ఎక్కువ భాగం దానితో నిమిత్తం లేకుండానే అలవడుతుంది.

మీరు గమనించగలిగినవి చూడండి. ఏ వాయిద్యం ముందు వచ్చింది? దానితో జతగా ఏది చేరింది? ఇంతకుముందు విన్న వరుస మళ్లీ వచ్చిందా, వస్తే అదే వేగంతో వచ్చిందా, వేరే వాయిద్యం మీద వచ్చిందా? సంతోషంగా విన్న వరుసే నెమ్మదిగా, ఒంటరిగా తిరిగివస్తే మీకేమనిపించింది? ఇవి చెప్పడానికి చెవులు, ఓపిక చాలు. పైన చెప్పిన జాస్ స్వరాల మధ్య దూరం మన షడ్జమానికీ (స) శుద్ధ రిషభానికీ (రి) మధ్య ఉన్నంతే అని మీ స్నేహితురాలు చెప్పగలదు. ఆ రెండూ సొర కదలికలా వినిపిస్తున్నాయని మీరు చెప్పగలరు. ఒకరు చెప్పినది రెండోవారికి పనికివచ్చేదే. వారిని అడిగి ఒక్కొక్క మాట నేర్చుకుంటూ ఉండండి, మీ మాటను మాత్రం దాచుకోకండి.

ప్రశ్న: నేపథ్య సంగీతం ఆల్బమ్‌లలో ట్రాకుల వరుస సినిమాలోని సన్నివేశాల వరుసకు సరిపోవడం లేదు. సినిమాలో ఉన్న కొన్ని ఖండాలు ఆల్బమ్‌లో దొరకవు, ఆల్బమ్‌లోనివి కొన్ని సినిమాలో వినిపించవు. ఏది అసలైనదని భావించాలి? – గాజువాక నుండి ఒక పాఠకుడు

సమాధానం: రెండూ అసలైనవే, వాటి ప్రయోజనాలు వేరు. సినిమాలో సంగీతం దృశ్యం నిడివికి కట్టుబడి ఉంటుంది. ఎడిటింగ్‌లో కొన్ని క్షణాలు తగ్గితే స్వరాన్నీ అక్కడే తెంచవలసి వస్తుంది. ఆల్బమ్‌లో అదే ఖండాన్ని పూర్తిగా ఉంచవచ్చు, రెండు చిన్న ఖండాలను కలిపి ఒకటిగా చేయవచ్చు, వినడానికి బాగుండేలా వరుస మార్చవచ్చు.

లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి చిత్రానికి హోవర్డ్ షోర్ కూర్చిన సంగీతం 2001లో ఒక సీడీగా వచ్చింది. 2005లో అదే చిత్రపు సంగీతం మొత్తం మూడు సీడీలుగా విడుదలైంది. మొదటిది ఒక్క విడతలో వినడానికి హాయిగా ఉంటుంది. రెండోదానిలో మాత్రమే ఒక బాణీ ఎలా పెరిగిందో పూర్తిగా తెలుస్తుంది. ఉంగరాన్ని నాశనం చేయడానికి బయలుదేరే తొమ్మిదిమంది ప్రయాణ బృందానికి చెందిన ప్రధాన బాణీ మొదట ముక్కలు ముక్కలుగా, తడబడుతున్నట్లుగా వినిపిస్తుంది. సభలో ఆ తొమ్మిదిమంది ఒక్కటైనప్పుడు నిండుగా, ఇత్తడి వాయిద్యాలతో మోగుతుంది. బృందం విడిపోయే కొద్దీ అదీ బలహీనపడుతుంది. ట్రాకుల వరుస మార్చి వింటే ఈ కథ చెవికి అందదు. కనుక ఇటువంటి అల్లిక ఉన్న సంగీతాన్ని వరుస తప్పించి వినవద్దని నా సలహా. మన బాహుబలి నేపథ్య సంగీతాన్ని కూడా విడివిడి సంపుటాలుగా విడుదల చేశారు. వాటిని విన్నాక ఒకసారి సినిమా చూస్తూ ఏ ఖండం ఎక్కడ వచ్చిందో రాసుకోండి. అభిప్రాయం చెప్పేటప్పుడు "ఆల్బమ్‌లో విన్నాను", "సినిమాలో విన్నాను" అని ముందే స్పష్టం చేస్తే సగం అపార్థాలు తొలగిపోతాయి.

ప్రశ్న: రోజూ ఉదయం బీచ్ రోడ్డులో నడుస్తూ ఫోనులో ఈ ఆల్బమ్‌లు వింటాను. ఖరీదైన పరికరాలు కొనాలా? – చినవాల్తేరు నుండి ఒక పాఠకుడు

సమాధానం: ఖరీదైనవి అక్కరలేదు, మామూలు హెడ్‌ఫోన్లు చాలు. అయితే ఫోను స్పీకర్ మీద విని తీర్పు చెప్పవద్దు. వయొలిన్ లాంటి తీగవాయిద్యాల్లో పెద్దవి డబుల్ బేస్, చెల్లో. డబుల్ బేస్ వాయిద్యంలో అతి మంద్రమైన తీగ సెకనుకు దాదాపు 41 సార్లు, చెల్లోలోనిది దాదాపు 65 సార్లు కంపిస్తుంది. ఆ నాదాన్ని ఫోనులోని చిన్న స్పీకర్ మోయలేదు. స్వరం ఉన్నట్లు లీలగా తెలుస్తుందే గాని దాని బరువు తెలియదు. లండన్‌లోని టెంపుల్ చర్చిలో ఉన్న పెద్ద ఆర్గన్‌ను (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాయిద్యాన్ని) వాడి హాన్స్ జిమ్మర్ ఇంటర్‌స్టెల్లార్ చిత్రానికి చేసిన సంగీతాన్ని ఫోనులో వింటే ఆ వాయిద్యంలో సగం మీకు చేరదు. సముద్రం పక్కన నడిచేటప్పుడు అలల హోరులో నెమ్మది ఖండాలన్నీ మునిగిపోతాయి. పైగా వాటిని వినాలని శబ్దం పెంచితే చెవికి చేటు. నడకకు తెలిసిన ఆల్బమ్‌లను ఉంచుకొని, కొత్తవాటిని ఇంట్లో రాత్రిపూట వినండి.

ప్రశ్న: "నాటు నాటు"కు ఆస్కార్ వచ్చింది కదా, దాన్ని నేపథ్య సంగీతానికి వచ్చిన గుర్తింపుగా చెప్పుకోవచ్చా? – పెందుర్తి నుండి ఒక పాఠకురాలు

సమాధానం: చెప్పుకోకూడదండి. 2023లో కీరవాణి, చంద్రబోస్‌లకు వచ్చినది పాట విభాగంలోని పురస్కారం. ఆస్కార్‌లో నేపథ్య సంగీతానికి వేరే విభాగం ఉంది. 2009లో ఏ.ఆర్. రెహమాన్ స్లమ్‌డాగ్ మిలియనీర్‌కు రెండింటినీ అందుకున్నారు. మన జాతీయ పురస్కారాల్లోనూ 2009 నాటి చిత్రాల నుండి పాటలకు, నేపథ్య సంగీతానికి వేర్వేరుగా ఇస్తున్నారు. ఆ ఏటి నేపథ్య సంగీత పురస్కారం మలయాళ చిత్రం పళశ్శి రాజాకు ఇళయరాజా అందుకున్నారు. 2021 చిత్రాలకు పాటల విభాగంలో పుష్పకు దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతంలో ఆర్ఆర్ఆర్‌కు కీరవాణి ఎంపికయ్యారు. ఒకే ఏడాది ఆ రెండు గౌరవాలూ తెలుగు సినిమాలకే దక్కాయి. మన రీరికార్డింగ్ గురించి గర్వంగా చెప్పుకోవాలంటే ఆ జాతీయ పురస్కారాన్ని చెప్పుకోండి.

ప్రశ్న: నేను వన్‌టౌన్‌లో పుట్టి పెరిగినవాడిని, విశ్రాంత ఉద్యోగిని. మా కాలం సినిమాల నేపథ్య సంగీతం ఆల్బమ్‌లుగా ఎందుకు దొరకదు? మనవళ్లకు వినిపించాలని ఉంది.

సమాధానం: మీ కోరిక చాలా మంచిది. ఆ రోజుల్లో రికార్డు మీదికి ఎక్కినది పాట. గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పట్టేది, కొనేవారూ పాటలనే కొనేవారు. నేపథ్య సంగీతాన్ని తెరమీద బొమ్మ నడుస్తుండగా వాద్యబృందం వాయించేది. ఆపైన అది సంభాషణలతోను, ఇతర శబ్దాలతోను కలిసి ఫిల్ము అంచున ఉండే ఒకే ధ్వనిపట్టీలో చేరిపోయేది. అలా కలిసిపోయినదాన్ని తిరిగి విడదీయడం తేలిక కాదు.

అయినా మన తరాలకు ఆ సంగీతాన్ని చెవితోనే పరిచయం చేసినది ఆకాశవాణి. సినిమాను కుదించి ధ్వనిగా వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే వేళకు రేడియో చుట్టూ చేరిన ఇళ్లు మీకు తప్పక గుర్తుండి ఉంటాయి. బొమ్మ లేకుండా మాటలు, వాటి వెనుక సంగీతం మాత్రమే వింటూ సినిమానంతా మనసులో చూసుకున్నవారు మీరు. ఆ పద్ధతినే మనవళ్లతో పాటించండి. సినిమా పెట్టి తెరను మూసివేసి ఒక పావుగంట వినిపించండి.

ఏ సినిమాతో మొదలుపెట్టాలి అంటే, 1951 నాటి మల్లీశ్వరి అని నా మాట. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరు రాజేశ్వరరావు మన ఉత్తరాంధ్రకు చెందినవారు. ఆయన స్వరరచనకు అద్దేపల్లి రామారావు వాద్యసమ్మేళనం తోడైన చిత్రమది. తరువాత 1957 నాటి మాయాబజార్ వినిపించండి. నాలుగు పాటలకు వరుసలు కట్టి రాజేశ్వరరావు తప్పుకోగా, వాటిని రికార్డు చేసి, మిగిలిన పాటలు, నేపథ్య సంగీతం పూర్తిచేసినది ఘంటసాల. గాయకుడిగానే తెలిసిన ఘంటసాలను సంగీత దర్శకుడిగా పిల్లలకు పరిచయం చేయడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. పాటలు వచ్చినప్పుడు దాటవేసి, మాటల మధ్య ఉన్న చోట్లలో ఆగండి. ఏ వాయిద్యం వినిపించిందో పిల్లలనే చెప్పమనండి, వారు చెప్పినది మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో ఈ శీర్షికలోనే ప్రచురిస్తాము.