పోర్టల్‌లో ఎర్ర గుర్తు చూసి భయపడకండి: షుగర్‌కి నేను దాన్ని ఎలా వాడుతున్నానంటే

మీరు అడిగింది ఇదీ: నాలుగు నెలల కింద టైప్ టూ షుగర్ అని తేలింది. అప్పుడు ఎ1సి, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 8.4. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నారు. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్‌లో నోటిఫికేషన్ వస్తే పేషెంట్ పోర్టల్, అంటే క్లినిక్ వాళ్లు మన రిపోర్టులు పెట్టే వెబ్‌సైట్, తెరిచారు, కొత్త ఎ1సి 7.2 అంకె పక్కన ఎర్ర గుర్తు కనిపించింది. డాక్టర్ని కలవడానికి ఇంకా రెండు వారాలుంది. ఈ పోర్టల్ వల్ల టెన్షన్ తప్ప ఉపయోగం ఉందా, అకౌంట్ తీసేయమంటారా?

తీసేయకండి. ముందు ఆ ఎర్ర గుర్తు సంగతి చెప్తాను. ల్యాబు వాళ్లు వేసే ఆ గుర్తు షుగర్ లేనివాళ్ల లెక్క ప్రకారం ఉంటుంది. ఎ1సి 5.7 దాటితే చాలు, అది ఎవరిదైనా ఎక్కువ అని చూపిస్తుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే లక్ష్యం 7 లోపు. నాకు 6.7 వచ్చినప్పుడు కూడా ఎర్ర గుర్తే పడింది, అదే రిపోర్టు చూసి మా డాక్టర్ చాలా బాగుంది అన్నారు. మీరు నాలుగు నెలల్లో 8.4 నుంచి 7.2కి వచ్చారు. సగటు షుగర్‌గా మార్చి చూస్తే దాదాపు 194 నుంచి 160కి దిగారు. మీరు నిద్ర మానుకున్న ఆ రాత్రి నిజానికి మీకు మంచి వార్త వచ్చింది.

డాక్టర్ కంటే ముందే మనకు ఎందుకు కనిపిస్తుందంటే, 2021 ఏప్రిల్ 5 నుంచి అమెరికాలో అమలులోకి వచ్చిన ఫెడరల్ నిబంధనల ప్రకారం రిపోర్టు సిద్ధమయ్యాక దాన్ని పేషెంటుకి చూపించకుండా ఊరికే ఆపి ఉంచకూడదు. అంతకుముందు చాలాచోట్ల డాక్టర్ చూసి విడుదల చేశాకే కనిపించేది. ఇది మన మేలుకే వచ్చిందని నా నమ్మకం. కానీ రాత్రిపూట ఒంటరిగా చూడటం వేరే సంగతి. నేను టెస్టు రిపోర్టుల నోటిఫికేషన్లు ఆపేశాను. శనివారం ఉదయం టిఫిన్ అయ్యాక మా ఆవిడ పక్కన కూర్చుంటే అప్పుడు తెరుస్తాను. మీరూ అలా పెట్టుకోండి, సగం టెన్షన్ పోతుంది.

ఇక ఉపయోగం గురించి. నాకు షుగర్ అని 2017 అక్టోబరులో తెలిసింది, ఎ1సి 9.1. ఉండేది డాలస్ దగ్గర. మా క్లినిక్ వాడే పోర్టల్ పేరు మైచార్ట్. నేను దాన్ని ఇంత పట్టుదలగా వాడటానికి కారణం మా నాన్నగారు. తెనాలిలో ఆయన రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా కవర్ బల్ల మీద పెట్టేవారు, డాక్టర్ పైన ఉన్న కాగితం చూసి మందు రాసేవారు. ఆయన కిడ్నీలు పాడయ్యాయని చెప్పిన రోజు రాత్రి నేను ఆ కవర్ నేల మీద గుమ్మరించి కాగితాలు తేదీల వారీగా పేర్చాను. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నాలుగేళ్లుగా మెట్టు మెట్టుగా పెరుగుతూనే ఉంది. ఏ ఒక్క కాగితం చూసినా పెద్ద ప్రమాదంలా కనిపించదు. పక్కపక్కన పెడితే చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. ఆ పని ఎవరూ చెయ్యలేదు, కొడుకుగా నేనూ చెయ్యలేదు. 2015లో ఆయన పోయారు.

పోర్టల్ చేసేది సరిగ్గా అదే, అంకెలను పక్కపక్కన పెట్టడం. మైచార్ట్‌లో ఏదైనా టెస్టు మీద నొక్కితే పాత ఫలితాలన్నీ గ్రాఫుగా వస్తాయి. మీకు ఇప్పుడు రెండే చుక్కలుంటాయి. రెండేళ్లు పోనివ్వండి, అది మీ కథ చెప్పడం మొదలుపెడుతుంది.

నా గ్రాఫు చెప్పిన మొదటి విషయం ఇండియా ప్రయాణం. మామూలు రోజుల్లో నా ఎ1సి 6.7 నుంచి 6.9 మధ్య ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో 7.6. 2020 ఫిబ్రవరిలో 7.7. మధ్యలో కోవిడ్ వల్ల వెళ్లలేదు, ఆ ఏళ్లలో చుక్కలు కిందే ఉన్నాయి. మళ్లీ 2023 ఫిబ్రవరిలో 7.5. మూడుసార్లూ సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాకే. అరిసెలు, పూతరేకులే కారణమని చాలాకాలం అనుకున్నాను. తేదీలు ముందు పెట్టుకుని ఆలోచిస్తే ఇంకొకటి తట్టింది. అక్కడున్న నాలుగు వారాలూ సాయంత్రం నడక లేదు, రాత్రి భోజనం రోజుకొక చుట్టం ఇంట్లో పదింటికి, రాత్రి మాత్ర సగం రోజులు మర్చిపోయేవాణ్ణి. 2024 డిసెంబరులో బయలుదేరే ముందు క్లినిక్‌లో షుగర్ ఉన్నవాళ్లకి జాగ్రత్తలు నేర్పే డయాబెటిస్ ఎడ్యుకేటర్‌కి పోర్టల్‌లోనే ఇదంతా రాశాను. ఆవిడ డాక్టర్‌తో మాట్లాడి, రోజుకి రెండుసార్లు వేసుకునే మెట్‌ఫార్మిన్ బదులు ఒక్కసారి వేసుకునే, మెల్లగా కరిగే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ రకానికి మార్పించారు. చుట్టాల ఇంట్లో భోజనం చేశాక ఇరవై నిమిషాలు నడవమన్నారు. అరిసెలు తిన్నాను. తిరిగి వచ్చాక 7.0.

రెండో విషయం ఇంకా ముఖ్యం. ఇది అందరికీ చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. 2022 మార్చిలో ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని ఎ1సి కాకుండా మిగతా టెస్టులన్నీ ఒక్కొక్కటే తెరిచాను. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి, క్రియాటినిన్‌కి నిష్పత్తి అని ఒక టెస్టు ఉంటుంది. కిడ్నీ దెబ్బతినడం మొదలైతే చాలామందిలో రక్తంలో క్రియాటినిన్ పెరగడం కంటే చాలా ముందే ఇందులో తెలుస్తుంది. 30 లోపు ఉండాలి. నాది 2019లో 22. 2021 ఆగస్టులో 48. ఏడు నెలలుగా ఆ 48 అక్కడే ఉంది. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఆ రోజు రిపోర్టుల కింద క్లినిక్ నుంచి వచ్చిన ఒకే ఒక్క వాక్యం, ఎ1సి బాగుంది, ఇలాగే కొనసాగించండి అని. నేనూ అదే చదువుకుని సంతోషపడ్డాను.

ఆ 48 చూడగానే నేల మీద పరిచిన నాన్న కాగితాలే కళ్లముందు కనిపించాయి. చేతులు చల్లబడిపోయాయి. అప్పుడే మెసేజ్ పెట్టాను. రెండు రోజుల తర్వాత నర్సు జవాబు ఇచ్చింది. ఒక్కసారి ఎక్కువ వస్తే నిర్ధారణ కాదు, జ్వరం వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ముందు రోజు గట్టిగా వ్యాయామం చేసినా పెరగవచ్చు, అందుకే మూడు నుంచి ఆరు నెలల లోపు మూడుసార్లు చేస్తే రెండుసార్లయినా ఎక్కువ రావాలి అని వివరంగా రాసింది. తెల్లవారి మొదటి మూత్రం శాంపిల్ ఇచ్చాను. 55, తర్వాత 51. నిజమే అని తేలింది. కిడ్నీని కాపాడటానికి లిసినోప్రిల్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టారు, కొన్ని నెలల తర్వాత ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర కలిపారు. దానికి ఇన్సూరెన్స్ అనుమతి కావాలంటే ఆ కాగితాల వ్యవహారం కూడా పోర్టల్ మెసేజ్‌ల మీదే నడిచింది. కిందటిసారి ఫలితం 24. ఆ డాక్టర్ చెడ్డవారు కాదు, రోజుకి ఎంతమందిని చూస్తారో నాకు తెలుసు. కానీ నా మూత్రం రిపోర్టు మీద నాకున్నంత శ్రద్ధ ఇంకొకరికి ఉండాలని నేను ఎదురుచూడను.

కాబట్టి ఎ1సి ఒక్కటే చూసి మూసేయకండి. మూత్రం టెస్టు, కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఇజిఎఫ్ఆర్, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డిఎల్, బీపీ, ఇవి ఏడాదికొకసారైనా గ్రాఫులో తెరిచి చూడండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బీ12 తగ్గుతుంది. నాకు పాదాల్లో తిమ్మిర్లు వస్తే షుగర్ వల్లే అనుకున్నాను. పోర్టల్‌లో వెతికితే బీ12 టెస్టు అసలు చేయించనే లేదని తెలిసింది. అడిగి చేయించుకున్నాను, తక్కువే ఉంది. మాత్రలతో ఆ తిమ్మిర్లు చాలా తగ్గాయి.

ఇప్పుడు మెసేజ్‌లు. మొదట్లో నేను పేజీ పొడవున రాసేవాణ్ణి. నిద్ర, ఆఫీసు, మోకాలి నొప్పి, షుగర్ అన్నీ కలిపి. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే, అపాయింట్‌మెంట్ తీసుకోండి. తర్వాత పద్ధతి మార్చాను. ఒక మెసేజ్‌కి ఒకే విషయం, అంకెలతో, ఏం మారిందో చెప్పి, చివర నాకు ఏం కావాలో ఒక ప్రశ్న. నేను ఇంగ్లీషులో పంపిన ఒకటి తెలుగులో ఇలా ఉంటుంది: "గత 5 రోజులుగా పరగడుపు షుగర్ 170 నుంచి 190 ఉంటోంది. అంతకుముందు నెలంతా 115 నుంచి 130. మందులు మానలేదు, తిండి మారలేదు. వారం కింద మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నాను. మందు డోసు మార్చాలా, కొన్ని రోజులు ఆగి చూడాలా?" మర్నాడే జవాబు వచ్చింది. స్టెరాయిడ్ వల్లే, తగ్గుతుంది, రోజుకి రెండుసార్లు చూసుకోండి, 250 దాటితే ఫోన్ చెయ్యండి అని. మరో వారానికి మళ్లీ 120ల్లోకి వచ్చింది. ఇదే విషయానికి అపాయింట్‌మెంట్ కోసం ఆగి ఉంటే మూడు వారాలు భయంతో గడిచేవి.

అయితే తొందర లేని విషయాలకే మెసేజ్. షుగర్ 70 కంటే తగ్గి చెమటలు, వణుకు వస్తే పోర్టల్ తెరవకండి, ముందు అర గ్లాసు పళ్లరసమో మూడు నాలుగు చెంచాల పంచదారో తీసుకుని పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. షుగర్ బాగా పెరిగి వాంతులు అవుతున్నా, గుండెలో నొప్పి వచ్చినా, మాట తడబడినా వెంటనే 911కి ఫోన్ చెయ్యండి. మెసేజ్ ఎప్పుడు చదువుతారో మన చేతిలో లేదు. ఇంకొకటి, డాక్టర్ ఎక్కువ సమయం పెట్టి జవాబిచ్చే మెసేజ్‌లకు కొన్ని ఆసుపత్రులు బిల్లు వేస్తున్నాయి. పంపే ముందు స్క్రీన్ మీద అలాంటి హెచ్చరిక ఏదైనా ఉందేమో చదవండి. మందు అయిపోతే రీఫిల్ అడగడానికి మాత్రం దీనికంటే సులువు ఇంకొకటి లేదు. 90 రోజులది అడగండి, కనీసం పది రోజుల ముందు.

మందుల జాబితా కూడా ఒకసారి సరిచూడండి. నా జాబితాలో డోసు పెంచక ముందున్న పాత మెట్‌ఫార్మిన్ ఏడాదిపాటు కొత్తదాని పక్కనే ఉండిపోయింది. అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్తే అక్కడివాళ్లు నమ్మేది ఆ జాబితానే.

మీ అమ్మగారు వేసవిలో వస్తున్నారని కూడా రాశారు కదా. ఆవిడకి ఇక్కడ డాక్టర్ని చూపిస్తే మీ పాస్‌వర్డుతో, ఆవిడ పాస్‌వర్డుతో తంటాలు పడకుండా ప్రాక్సీ యాక్సెస్ అడగండి. ఆవిడ ఒక సంతకం పెడితే మీ అకౌంట్ నుంచే ఆవిడ రికార్డు చూడవచ్చు. ఇండియాలో ఉన్నప్పటి రిపోర్టులకు మా ఇంట్లో చేసేది చెప్తాను. ఇండియా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా ఆభా, దాని 14 అంకెల నంబరు తీసుకుంటే, దానికి అనుసంధానమైన ఆసుపత్రులు, ల్యాబుల రికార్డులు మన అనుమతితో ఒక యాప్‌లోకి వస్తాయి. మా అమ్మ వెళ్లే ల్యాబు ఇంకా అందులో కలవలేదు, వాళ్లు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపిస్తారు. మా చెల్లి ఆ అంకెలు ఒక గూగుల్ షీట్‌లో ఎక్కిస్తుంది. తేదీ, పరగడుపు, ఎ1సి, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. అయిదు గళ్లే. నేను ఇక్కడినుంచి చూస్తాను. నాన్నగారి కవర్లో ఉన్న కాగితాలు కూడా అదే షీట్‌లో వేరే పేజీలో ఎక్కించాను.

మీకు ఇంకా రెండు వారాలుంది కాబట్టి ఇప్పుడే పోర్టల్ తెరిచి రెండు విషయాలు చూడండి. షుగర్ అని తేలినప్పటి నుంచి మూత్రంలో ఆల్బుమిన్ టెస్టు ఒక్కసారైనా చేశారా? కంటిపాప పెద్దది చేసి చూసే రెటీనా పరీక్షకి పంపించారా? టైప్ టూలో ఈ రెండూ మొదట్లోనే చేయించాలి, ఎందుకంటే మనకు తెలిసేనాటికే అది ఎన్నేళ్లుగా ఉందో చెప్పలేం. లేకపోతే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఒక మెసేజ్ పెట్టండి. ల్యాబు ఆర్డరు ముందే వేస్తే డాక్టర్ని కలిసే రోజుకి రిపోర్టు కూడా వచ్చేస్తుంది. ఏం రాయాలో తెలియకపోతే ఇక్కడ అడగండి, కలిసి రాద్దాం.