ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోలేదు, ముందు గార్డు విప్పేసి కేసు వేయమంటున్నారు

ప్రశ్న: మా అన్నయ్య పందొమ్మిది నెలల కిందట రాత్రిపూట విజయవాడ నుంచి గుంటూరు వస్తూ, మంగళగిరి దాటాక కారుతో డివైడర్‌ని గుద్దారు. కునుకు పట్టిందని ఆయనే ఒప్పుకున్నారు. బెల్టు పెట్టుకున్నారు గానీ ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోలేదు. ముఖం స్టీరింగ్‌కి కొట్టుకుని ఎడమ కన్ను పోయింది. తప్పు మీ అన్నయ్యదే, కేసు నిలవదు అంటున్నారు షోరూమ్ వాళ్లు. ఇన్సూరెన్సు వాళ్లు సెటిల్ చేసి బండి మాకే వదిలేశారు. ఆటోనగర్ షెడ్డులో ఉంది, పాత ఇనుము వాళ్లు 90 వేలు ఇస్తామంటున్నారు. డెలివరీ రోజు షోరూమ్‌లోనే బంపర్‌కి అడ్డంగా ఇనుప కడ్డీల ముందు గార్డు బిగించి ఇచ్చారు. అది ఉంటే కేసు పోతుందని, విప్పేసి వేయమని మా బావగారి సలహా. మూడేళ్ల టైముందట కదా? మా వదిన ఏడవని రోజు లేదు. మాకు న్యాయం జరుగుతుందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు ఆసుపత్రి గురించే ఉన్నాయి. కేసు తేలేది మాత్రం మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన గార్డు దగ్గర.

ముందు కునుకు సంగతి. బండి గుద్దుకోవడానికి కారణం ఒకటి, గుద్దుకున్నాక కన్ను పోవడానికి కారణం ఇంకొకటి. మొదటిది మీ అన్నయ్య తప్పే. రెండోదానికి జవాబు చెప్పాల్సింది బండి చేసినవాళ్లు. అమెరికాలో 1968లోనే జనరల్ మోటార్స్ మీద లార్సెన్ కేసులో ఈ తేడా తేల్చారు. ఎదురుగా గుద్దుకున్నప్పుడు స్టీరింగ్ వెనక్కి దూసుకొచ్చి డ్రైవర్ తలకి తగిలింది. రోడ్డు మీద బండ్లు గుద్దుకుంటాయని తెలిసే తయారు చేస్తారు కాబట్టి, దెబ్బ పెరిగేలా డిజైన్ ఉంటే కంపెనీదే బాధ్యత అన్నారు. మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84లో డిజైన్ లోపం అనే మాటే ఉంది. ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోని క్రెటా కారు కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఎంత వేగంతో ఎంత ఒత్తిడి పడిందో లెక్క కట్టడానికి కొన్నవాడు భౌతికశాస్త్ర నిపుణుడు కాడు అని చెప్పింది.

ఇక గార్డు. గుద్దుడుని పసిగట్టి ఎయిర్‌బ్యాగ్‌లు తెరిపించే సెన్సార్లకి అందాల్సిన దెబ్బని అది మార్చేసిందని కంపెనీ లాయరు మొదటి వాయిదాలోనే అంటాడు. ఈ గార్డులు చట్టవిరుద్ధమని, తీయించమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది కూడా. దాన్ని మీరు బయట కొని బిగించుకుని ఉంటే నేనూ మిమ్మల్ని నిరుత్సాహపరిచేవాణ్ణి. అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 87 ప్రకారం, మార్పులు చేసిన వస్తువు విషయంలో అమ్మినవాడి మీద దావా నడవదు. కానీ ఆ మార్పు చేసింది అమ్మినవాడే అయి, నష్టానికి అదే ముఖ్య కారణమైతే సెక్షన్ 86 అతన్నే పట్టుకుంటుంది. అంటే ఎయిర్‌బ్యాగ్ లోపమైతే కంపెనీ, గార్డు వల్లయితే షోరూమ్. ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి. ఒకరి వాదన ఇంకొకరి మెడకి చుట్టుకుంటుంది.

అలాంటి గార్డుని విప్పేస్తారా? చేతులారా కేసు పాడుచేసుకోకండి. ఇన్సూరెన్సు సర్వేయర్ ఫొటోల్లో, పోలీసుల ఫొటోల్లో అది ఉండే ఉంటుంది. లేదని అఫిడవిట్‌లో రాస్తే, అబద్ధపు సాక్ష్యం కింద మీ అన్నయ్యే ఇరుక్కుంటారు. నిజంగా తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్ గురించి చెప్పినా అప్పుడు ఎవరూ నమ్మరు.

90 వేలకి ఆశపడి బండి అమ్మినా అంతే. ఎయిర్‌బ్యాగ్‌లు ఎప్పుడు తెరవాలో నిర్ణయించే కంట్రోల్ యూనిట్, బెల్టు, స్టీరింగ్ అన్నీ అందులోనే ఉన్నాయి. పందొమ్మిది నెలలుగా దాన్ని షెడ్డులో గాలికి వదిలేశారు, ఒక్క పార్టు పోయినా నష్టం మీకే. షోరూమ్ వాళ్లు స్కానర్ పెట్టి చూస్తామంటే ఒప్పుకోవద్దు. సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ ద్వారా ల్యాబ్ పరీక్ష అడగాలి. బండిని ఉన్నది ఉన్నట్టు ఉంచమని మధ్యంతర ఉత్తర్వు కూడా కోరాలి.

మూడేళ్లు అని ఎవరు చెప్పారో గానీ, సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లే. మీకు మిగిలింది ఐదు నెలలు. లాయర్ నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు. మీరుండేది గుంటూరు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కారుకి కట్టింది ఐదు నుంచి పది లక్షల మధ్యయితే ఫీజు 200 రూపాయలే.

ఇంకో మాట. ఎదుటి వాహనం లేదు కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దారి మీకు లేదు. కానీ పాలసీ కాగితం ఒక్కసారైనా తెరిచి చూశారా? ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు ఉంటే, ఒక కంటి చూపు పూర్తిగా పోయినందుకు సగం, అంటే ఏడున్నర లక్షలు రావాలి. ఆర్సీ, పాలసీ, లైసెన్సు మీ అన్నయ్య పేరునే ఉంటే, తప్పెవరిదన్న ప్రశ్నే రాదు. ఆలస్యానికి కారణం రాసి ఈ వారమే క్లెయిమ్ పెట్టండి.

బెల్టు పెట్టుకున్నారన్నదానికి రుజువు కావాలి. ఛాతీ మీద బెల్టు ఒరిపిడి గురించి కేస్ షీట్‌లో రాశారేమో ఆసుపత్రిలో కాపీ తీసుకోండి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, సర్వేయర్ రిపోర్టు సంపాదించండి. గార్డుకి యాక్సెసరీస్ బిల్లు వెతకండి. ఉచితంగా ఇచ్చామని బిల్లు వేయకపోతే, డెలివరీ రోజు షోరూమ్ ముందు బండికి దండ వేసి, నిమ్మకాయలు తొక్కించినప్పుడు ఎవరో ఒకరు ఫొటో తీసే ఉంటారు. అందులో గార్డు కనబడుతోందేమో చూడండి. ఆ ఫొటో ఏ ఫోన్‌లో ఉందో ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి.