తలాంతు ఇచ్చిన దేవుడే చోటు ఎందుకు చూపించడం లేదు?

పాటలు రాయడం, పాడడం దేవుడు మీకిచ్చిన తలాంతు అని మీకు గట్టి నమ్మకం ఉంది. ఏళ్లు గడిచినా సంఘంలో మిమ్మల్ని పిలిచినవాళ్లు లేరు. మీ తర్వాత చేరినవాళ్ల చేతికి మైకు వెళ్తోంది. ఎవరితో చెప్పుకున్నా "ఓపిక పట్టండి, దేవుని కోసం కనిపెట్టుకోండి (ఎదురుచూడండి)" అంటున్నారు. ఇంకా ఎంతకాలం, పోనీ వేరే సంఘానికి వెళ్లిపోనా అని అడిగారు. ఈ బాధ చాలాకాలం పడినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత వరకు రాస్తాను.

మీది గర్వమని ఎవరైనా అంటే వెంటనే ఒప్పేసుకోకండి. నలుగురికీ ఉపయోగపడాల్సింది చేతిలో ఉండి, అడిగేవాళ్లు లేనప్పుడు కలిగే నొప్పి వేరు. పొగడ్త దొరకలేదన్న కోపం వేరు. ఒకే మనసులో రెండూ ఉండొచ్చు. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి పైకి రావచ్చు. మొదటిది మాత్రం పాపం కాదు. 13వ కీర్తనలో దావీదు ఇంకా ఎంతకాలం, ఎంతకాలం అని నేరుగా దేవుణ్ణే అడిగాడు. మీరూ ఆ మాట ప్రార్థనలో పైకి అనండి. లోపల నొక్కిపెట్టుకుని, బయటికి "నాకేం ఫర్వాలేదు" అని నవ్వుతూ తిరగడాన్ని నేను ఓపిక అనను.

నాది వాక్యం చెప్పాలన్న కోరిక. బైబిల్లో ఒక భాగం అర్థమైతే నోట్సు రాసుకుని, దాన్ని ఎవరికైనా చెప్పేదాకా నిద్రపట్టేది కాదు. మా సంఘంలో ఏ ఆదివారం ఎవరు మాట్లాడాలో ముందే పేర్లు చదివేవారు. చదువుతున్నంతసేపూ ఒకటే టెన్షన్. నా పేరు ఉండేది కాదు. పాస్టర్ గారికి రావడం కుదరని రోజున బయటి నుంచి ఎవరినైనా పిలిచేవారు తప్ప, నన్ను అడిగేవారు కాదు. నాకు అప్పగించింది కుర్చీలు సర్దడం, సౌండ్ సిస్టమ్ చూసుకోవడం. అది చిన్న పని అని నేనెప్పుడూ అనను, అది చేసే మనిషి లేకపోతే ఆరాధన మొదలవదు. కానీ చేతులు చేసే పని ఒకటి, లోపల మండేది ఇంకొకటి. ఆ మంటతో ఇంటికి వెళ్లిన ఆదివారాలు చాలానే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే, చూపు బాగా తగ్గిపోయిన ఒక పెద్దావిడ తనకు బైబిలు చదివి వినిపించే మనిషి కావాలన్నారు. నేను వెళ్తానన్నాను. ఆవిడ ఊరికే వింటూ కూర్చునే మనిషి కాదు. మధ్యలో ఆపి "నాకు అర్థమయ్యేలా చెప్పు బాబూ" అనేవారు. నోట్సులోని పెద్ద పెద్ద మాటలతో వివరిస్తే "మళ్లీ చెప్పు" అనేవారు. అలా ఆదికాండములో యోసేపు చెరసాల దాకా వచ్చాం. ఫరోకు, అంటే ఐగుప్తు రాజుకు, ద్రాక్షారసం అందించే పానదాయకుల అధిపతి విడుదలై వెళ్లి యోసేపును మరిచిపోయాడు, తర్వాతి అధ్యాయం రెండేళ్లు గడిచాయని మొదలవుతుంది. అక్కడ ఆవిడ నన్ను ఆపారు. "ఆ రెండేళ్లూ ఆ పిల్లవాడు ఏం చేశాడు?"

ఆ రెండేళ్ల గురించి బైబిల్లో ఒక్క మాట లేదు. ఏం చెప్పాలో తెలియక వెనక్కి వెళ్లి 40వ అధ్యాయం నెమ్మదిగా మళ్లీ చదివాను. యోసేపు కలల సంగతి మొదలైనప్పుడు అతని వయసు 17 ఏళ్లు. ఫరో ముందు నిలబడినప్పుడు 30. మధ్యలో 13 ఏళ్లు బానిసగా, ఖైదీగా గడిచాయి. తనకు వచ్చిన కల ఒక్కటీ నెరవేరలేదు. అలాంటి మనిషి ఒక ఉదయం ఆ పానదాయకుడితో కలిపి ఇద్దరు ఖైదీల ముఖాలు చిన్నబోయి ఉండటం చూసి, ఎందుకలా ఉన్నారని అడిగాడు. ఫరో దాకా వెళ్లిన దారి మొదలైంది ఆ పలకరింపుతోనే. తన కలల గురించే కుమిలిపోతూ కూర్చుని ఉంటే ఆ ముఖాలు అతని కంటపడేవా? కలల భావం చెప్పే వరం రాజభవనంలో అడుగుపెట్టాక వచ్చింది కాదు, చెరసాలలోనే ఉంది. అక్కడ దొరికిన మనుషుల కోసమే దాన్ని వాడాడు. అందుకు వెంటనే దక్కింది మాత్రం రెండేళ్ల మరపు.

ఈ భాగం నాకు చాలా ముఖ్యం, అందుకే ఇంతసేపు చెప్పాను. దేవుని కోసం కనిపెట్టడం, మనుషుల పిలుపు కోసం కనిపెట్టడం పైకి ఒకేలా కనబడతాయి. పిలుపు కోసమే చూస్తున్నప్పుడు చేతిలోని పని కూడా ఆగిపోతుంది. మన పేరు చదివితేగానీ బతుకు మొదలవదన్నట్టు ఉంటుంది. దేవుని కోసం చూస్తున్నప్పుడు పని ఆగదు, ఎందుకంటే ఆయన ఇచ్చినదాన్ని ఆయన ముందే వాడుతున్నాం. మొదటి పేతురు 4:10లో ఉన్నది కూడా ఇదే. ఎవరికి ఏ కృపావరం దొరికిందో దానితో ఒకరికొకరు ఉపచారం చేయమన్నాడు. ఆ వచనంలో వేదిక ఊసు లేదు.

అయితే నోరు మూసుకుని ఉండమని నేను చెప్పడం లేదు. యోసేపు పానదాయకుణ్ణి అడిగాడు, ఫరో దగ్గర నా సంగతి చెప్పు అని. అది విశ్వాసం చాలక చేసిన పని అని కొందరు ప్రసంగాల్లో అంటారు. బైబిలు ఆ మాట అనలేదు. తప్పు చేయకుండా జైల్లో పడ్డ మనిషి సాయం అడిగాడు, అందులో తప్పు నాకు కనబడదు. మీరూ మీ పాస్టర్ గారినో, సంఘ పెద్దనో కలిసి నేరుగా అడగండి. "ఈ వరం నాలో ఉందని మీకు అనిపిస్తోందా? ఉంటే నాలో ఇంకా ఏం సరిపడలేదు?" అని. అవకాశం ఇవ్వమని అడిగితే జవాబు అవును, కాదు దగ్గరే ఆగిపోతుంది. ఇలా అడిగితే వాళ్లు ఆలోచించి చెప్పాల్సి వస్తుంది.

నేను ఒక పెద్దాయన్ని ఇలాగే అడిగాను. "నీకు తెలిసింది చాలానే ఉందయ్యా, వినేవాళ్లకు అందడం లేదు" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. కానీ పెద్దావిడ "మళ్లీ చెప్పు" అంటున్నదీ అదే కదా. ఆయన లోపం చూపించారు, ఆవిడ దగ్గర నాకు అది సరిదిద్దుకునే చోటు దొరికింది.

మీకు వచ్చే జవాబు ఇంత నిజాయితీగా ఉండకపోవచ్చు. బంధుత్వం వల్లో, డబ్బు వల్లో, పలుకుబడి వల్లో కొందరికే మైకు దొరికే సంఘాలు ఉన్నాయి. అలాంటప్పుడు "ఇంకా దేవుని సమయం రాలేదు" అని మీకు చెబితే దాన్ని నేను ఒప్పుకోను. యాకోబు పత్రిక 2వ అధ్యాయం పక్షపాతాన్ని పాపమనే చెప్పింది. మనుషులు చేసిన అన్యాయాన్ని దేవుని లెక్కలో రాయకూడదు. ఆ అన్యాయం మధ్యలో కూడా దేవుడు మీతో పని చేయగలడు, అది వేరే సంగతి. యోసేపును అమ్మేసిన అన్నల పాపం పాపమే, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడు.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. గుర్తింపు ఎప్పటికీ రాకపోవచ్చు. యోసేపు, దావీదు కథలు విని, మన కథ కూడా సింహాసనం దగ్గరే ముగుస్తుందని అనుకుంటాం. నన్ను ఎక్కువగా ఆదుకున్నది మాత్రం బర్సబ్బా అనే యోసేపు. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో, యేసును అప్పగించిన యూదా స్థానంలోకి ఒకరు కావాల్సి వచ్చినప్పుడు ఇద్దర్ని నిలబెట్టారు. యోహాను బాప్తిస్మం నాటి నుంచి యేసుతో ఉన్నవాడై ఉండాలన్నది షరతు. అంటే అన్నేళ్లూ ఆయన వెంట నడిచినవాడే ఇతను. చీటి మత్తీయ పేరున వచ్చింది. ఆ తర్వాత ఈ యోసేపు ప్రస్తావన బైబిల్లో ఎక్కడా లేదు. అర్హత ఉంది, అందరి ముందు నిలబడ్డాడు, ఎంపిక కాలేదు. దేవుడు అతన్ని తోసేశాడని మాత్రం ఎవరూ రాయలేదు. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు కొంత ధైర్యం వస్తుంది.

నా సంగతి అడిగితే, ఇప్పటికీ ఆదివారం ప్రసంగం నాకు ఇవ్వలేదు. పెద్దావిడ ఇంటికి ముందు ఆవిడ కోడలు, తర్వాత పక్కింటివాళ్లు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. అది చిన్న బైబిలు స్టడీగా మారింది. దాన్ని చూసి సంఘం వాళ్లు ఇంకో ఇంట్లో జరిగే స్టడీ కూడా నాకు అప్పగించారు. వేదిక ఎక్కాలన్న కోరిక పోయిందని అబద్ధం చెప్పను, అది ఉంది. పేర్లు చదివేటప్పుడు మునుపటి దడ మాత్రం లేదు.

సంఘం మారడం గురించి అడిగారు. అది పాపం కాదు. సౌలును, అంటే తర్వాత పౌలు అని పిలిచినవాణ్ణి, యెరూషలేములో శిష్యులు మొదట నమ్మలేదు, తర్వాత అతను తార్సులో ఉండిపోయాడు. బర్నబా వెళ్లి వెతికి అంతియొకయకు తీసుకొచ్చాక అక్కడ ఏడాది పాటు కలిసి బోధించారు. ఒకచోట దొరకని చోటు ఇంకోచోట దొరికింది. కానీ మైకు ఒక్కటే కారణమైతే తొందరపడకండి, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాల్సి ఉంటుంది. వాక్యం సరిగా లేకపోయినా, మిమ్మల్ని అవమానిస్తున్నా, పక్షపాతం గురించి చెప్పినా వినకపోయినా వెళ్లండి. వెళ్లేటప్పుడు పెద్దలకు చెప్పి వెళ్లండి. ఇంకోటి, మీ సంఘంలో మీలాగే వెనక వరుసలో కూర్చున్నవాళ్లు ఎవరో ఉంటారు. వాళ్లకు మీరు బర్నబా కావచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీది పాట కాబట్టి ఒక వెసులుబాటు ఉంది, ప్రసంగంలా దానికి ఆదివారం అవసరం లేదు. పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పాడితే విన్నది ఖైదీలు. మంచం పట్టినవాళ్ల దగ్గర, ఇంటి ప్రార్థనలో పాడండి, సండే స్కూల్ పిల్లలకు నేర్పండి. పాస్టర్ గారు వరుసగా చెబుతున్న భాగం మీద ఒక పాట రాసి ఆయనకు కాగితం మీద ఇవ్వండి, పాడతానని అడగకుండా. ముందు ఆ మాటలు ఆయన చదవనివ్వండి. పైన చెప్పిన రెండు ప్రశ్నలు అడిగాక వాళ్లేమన్నారో వీలైతే ఇక్కడ రాయండి. ఉండాలా, వెళ్లాలా అన్నది ఆ జవాబు చూశాక ఇంకాస్త స్పష్టంగా మాట్లాడుకోవచ్చు.